కంపవాతము: కంటికి కానరాని బాధలు

గ్రామములో ఒక వృద్ధునికి చేయి వణకుచున్నచో అది అందరి కంటను పడును. అడుగులు పొట్టివై, నడుము వంగి, ముఖము చెక్కిన బొమ్మవలె కదలిక లేకయున్నచో అదియును కనబడును. అట్టివానిని వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి గాని, హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు గాని తీసికొనిపోయినప్పుడు వైద్యులు పరీక్షించి, ఇది పార్కిన్సన్ వ్యాధి యని చెప్పుదురు. ఆయుర్వేదము దీనిని కంపవాతమనును. అయితే రోగిని, అతనితో ఏండ్ల తరబడి కాపురము చేసిన ఇల్లాలిని కూర్చుండబెట్టి నెమ్మదిగా అడిగినచో, వణుకు కంటె ఎక్కువగా వేధించునవి వేరే యున్నవని తెలియును. నిద్రలో కలవరము, మలబద్ధము, లేచి నిలుచుండగానే కన్నులు చీకట్లు క్రమ్ముట, ఎడతెగని దిగులు, లేని మనుష్యులు కానవచ్చుట - ఇవి యన్నియు ఆ వ్యాధిలోని భాగములే.

ఇది వైద్యుల పని గదా, పంచాయతీ సభ్యులకు దీనితో నేమి ప్రసక్తి యని కొందరు అడుగవచ్చును. ఈ బాధలలో కొన్ని వైద్యుని కడకు పోకమునుపే తగవు రూపమున పెద్దమనుష్యుల కడకు వచ్చును. ముసలివాడు రాత్రివేళ భార్యను కొట్టెనని ఒక ఫిర్యాదు. పొరుగింటివారు ఏదో చేయించిరని మరియొకటి. తండ్రి మతి లేకుండ పొలము వ్రాసి యిచ్చెనని ఇంకొకటి. వీని వెనుక వ్యాధి యుండవచ్చునని తెలియనివాడు ఇచ్చు తీర్పు ఒక కుటుంబమును పాడుచేయగలదు. అందుచేతనే ఈ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

1817లో లండను నగరమున జేమ్సు పార్కిన్సన్ అను వైద్యుడు ఆరుగురు రోగులను గమనించి ఈ వ్యాధిని వర్ణించెను. ఆయన పేరునే ఫ్రెంచి వైద్యుడు షార్కో తరువాతి కాలమున ఈ వ్యాధికి స్థిరపరచెను. నిద్ర చెడుటను, మలబద్ధమును, నోటినుండి చొంగ కారుటను పార్కిన్సన్ గుర్తించెను గాని, ఇంద్రియములును బుద్ధియును చెడవని తలచెను. ఆ మాటను పట్టుకొని నూరు సంవత్సరములకు పైగా లోకము దీనిని కేవలము కదలికకు సంబంధించిన వ్యాధిగానే చూచినది. నేడు 2019 లెక్కల ప్రకారము ప్రపంచమున 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఇటలీ దేశమున 1,072 మంది రోగులను పరీక్షించి 2009లో ప్రకటించిన పరిశోధనలో, కదలికకు సంబంధించని బాధ ఒక్కటైనను లేనివారు నూటికి ఇద్దరుకూడ తేలలేదు. ఒక్కొక్కరికి సగటున ఏడెనిమిది బాధలుండెను.

కారణమును సంగ్రహముగా చెప్పుదుము. మెదడు అడుగుభాగమున నల్లని రంగు గల చిన్న కణముల గుంపు ఒకటి కలదు. ఆ కణములు డోపమిన్ అను రసాయనమును తయారుచేయును. అది మెదడులో వార్తలు మోయు తలారి వంటిది. ఆ కణములలో చాల భాగము నశించిన పిమ్మటనే వణుకు, బిగువు, మాంద్యము బయటపడును. అయితే నశించునవి ఆ కణములు మాత్రమే కావు. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు బ్రాక్, ఆయన సహచరులు 2003లో చేసిన ప్రతిపాదన ప్రకారము, చాలమందిలో ఈ చెడుగు మొదట వాసనకు సంబంధించిన భాగమునందును, ప్రేగులకు పోవు నరము పుట్టుచోటను ఆరంభించి, క్రమముగా పైకి ప్రాకును. అందరిలోను వరుస ఇట్లే యుండదు. కాని వణుకునకు ఎన్నో యేండ్ల ముందే వాసన తగ్గుటకు, మలబద్ధము కలుగుటకు ఇది ఒక సమాధానము. డోపమిన్‌తోపాటు ఇతర రసాయనములును తగ్గును గనుక, డోపమిన్‌ను పెంచు మందు వణుకును, బిగువును అణచినను తక్కిన బాధలన్నింటిని తీర్చలేదు.

ఆ మందు సంగతి చెప్పక ముందుకు పోలేము, ఏలయన దానికి మన ప్రాంతముతో సంబంధము కలదు. పొలాల కంచెలమీద ప్రాకు దూలగొండిని ఎరుగనివారు లేరు. దాని కాయమీది నూగు తగిలినచో ఒళ్లంతయు దురద. ఆ గింజలలో లెవోడోపా అను పదార్థమున్నదని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనువారు నిరూపించిరి. అప్పటికి దాని ఉపయోగము ఎవరికిని తెలియదు. 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్, కదలిక కోల్పోయిన కుందేళ్లకు ఈ పదార్థమునిచ్చి తిరిగి లేపెను. ఆయనకు 2000లో నోబెల్ బహుమానము లభించెను. కుందేళ్లను కదలకుండ చేసిన మందు మన సర్పగంధి వేరునుండి తీసినదగుట మరియొక విశేషము. 1967లో అమెరికాలో కొట్జియాస్ అను వైద్యుడు లెవోడోపాను క్రమముగా పెంచుచు రోగులకిచ్చి గొప్ప గుణము చూపెను. నేటికిని ముఖ్యమైన మందు ఇదియే. దీనిని చదివి ఎవరును కంచెమీది గింజలు తెచ్చి నూరి త్రాగింపవలదు. ఏ గింజలో ఎంత పదార్థమున్నదో కొలత తెలియదు. మోతాదు మించినచో వాంతులు, రక్తపు పోటు పడిపోవుట, మతి చలించుట కలుగును.

ఇక వణుకునకు ముందు కానవచ్చు గుర్తులు. మొదటిది వాసన తగ్గుట. దీనిని రోగియే గుర్తింపడు. కూరలో రుచి లేదని కోడలిని నిందించును. ఎనుమాముల మార్కెట్టునకు మిరప బస్తాలతో పోయివచ్చు రైతులు, మాకు ఘాటు బాగుగనే తగులుచున్నది, తుమ్ములు వచ్చుచున్నవి, వాసన పోలేదని వాదింతురు. అది సరియైన పరీక్ష కాదు. మిరప ఘాటు ముక్కులోని మంటను తెలుపు వేరొక నరమునకు తగులును. ఈ వ్యాధిలో సాధారణముగా ఆ నరము చెడదు. వాసన నరమును పరీక్షింపవలెనన్నచో కాఫీ పొడి, కొత్తిమీర, నిమ్మతొక్క వంటివి కన్నులు మూయించి చూపవలెను. రెండవది ఏండ్ల తరబడి మలబద్ధము. మూడవది నిద్రలో కలవరము. జలుబు వలనను, పొగత్రాగుట వలనను, ముదిమి వలనను వాసన తగ్గును. నీరు చాలక మలబద్ధము కలుగును. కాబట్టి వీనిలో ఒకటి కనబడినంతనే కంపవాతము వచ్చుచున్నదని భయపెట్టరాదు.

నిద్రలో కలవరమును గూర్చి మాత్రము నిలిచి చెప్పవలసి యున్నది. మనము కలగనునప్పుడు మెదడు శరీరమును సడలించి కదలకుండ కట్టివేయును. కలలో పరుగెత్తినను కాళ్లు కదలకుండుట అందువలననే. ఈ వ్యాధిలో ఆ కట్టు తెగును. కలలో పందిని తరుముచున్నవాడు మంచముమీదనే తన్నును. దొంగతో కలియబడినవాడు ప్రక్కనున్న భార్యను గుద్దును. కేకలు వేయును, తిట్టును, మంచముమీదినుండి పడును. లేపినంతనే తెలివి వచ్చి, కల చెప్పి, సిగ్గుపడును. పగటివేళ అతడు సౌమ్యుడు. ఈ తేడాయే ముఖ్యమైన ఆనవాలు. త్రాగివచ్చి కొట్టువాడు మెలకువతో కొట్టును. వీడు కన్నులు మూసికొని, సాధారణముగా తెల్లవారుజామున, కలలోని శత్రువును కొట్టును. అట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు పంచాయతీ పెద్దలు ఏ వేళ జరిగినది, లేపినప్పుడు ఏమనెను అను రెండు ప్రశ్నలు తప్పక అడుగవలెను. ఇతర కారణము లేక ఈ కలవరము గల 1,280 మందిని అనేక దేశములలో పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్కనుబట్టి, 12 సంవత్సరములలో నూటికి సుమారు 73 మందికి కంపవాతము గాని దానికి దాయాదులైన వ్యాధులు గాని వచ్చునని తేలినది. కావున దెబ్బలు తిన్న ఇల్లాలు చెప్పు మాట ఆసుపత్రికి చేరవలసిన మాట. అందాక మంచమును ప్రక్కగా వేసి, నేలమీద బొంత పరచి, గొడ్డలి, కొడవలి, దీపము వంటివి అందుబాటులో లేకుండ చూడవలెను. కొట్టెడివాడు భర్త యని, అతనికి రోగమని చెప్పి ఆమెను అదే మంచముమీద పడుకొమ్మనుట న్యాయము కాదు.

దిగులు మరియొక బాధ. రోగులలో సుమారు మూడవ వంతుమందికి ఇది కలుగును. చేతులు వణకుచున్నవను విచారము వలన మాత్రమే కలుగు దిగులు కాదిది. మెదడులోని రసాయనముల లోపమువలన, ఒక్కొక్కప్పుడు వణుకునకు ముందే, వచ్చును. దీనికి అక్కవంటిది నిరాసక్తత. ఇంతకాలము తెల్లవారకమునుపే బావికడకు పోయినవాడు మంచము దిగడు; మనుమల పెండ్లి మాటకూడ పట్టనట్లుండును. ఇంటివారు సోమరితనమందురు, కోడలు పొగరందురు. ముఖమున భావము కనబడకపోవుట వలన ఆ అపార్థము మరింత బలపడును. దిగులునకు మందు కలదు, మాటసాయము కలదు. చావవలెనను మాట నోట వచ్చినచో ఆలస్యము చేయక 14416 అను టెలిమానస్ ఉచిత టెలిఫోనునకు పిలువవచ్చును. 2022లో కేంద్ర ప్రభుత్వము దీనిని నెలకొల్పినది. పురుగుమందు డబ్బా ఇంటిలోనే యుండు పల్లెలలో ఇది చిన్న విషయము కాదు.

పురుగుమందు మాట వచ్చినది గనుక ఒక మాట. వరంగల్లు ప్రాంతము పత్తికి, మిరపకు పేరుపొందినది. ఆ పైర్లకు చల్లు మందులును అంతే. అమెరికాలో మందులు చల్లు పని చేసినవారిని పరిశీలించి 2011లో ప్రకటించిన పరిశోధనలో, పారాక్వాట్ అను కలుపుమందును గాని, రోటినోన్ అను పురుగుమందును గాని వాడినవారికి కంపవాతము రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడినది. చల్లిన ప్రతివానికిని వచ్చునని దీని అర్థము కాదు. కాని చేతికి తొడుగు, ముఖమునకు గుడ్డ, గాలివాటము చూచి చల్లుట అను జాగ్రత్తలను వెక్కిరించువారు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

వ్యాధి ముదిరినప్పుడు కొందరికి లేనివి కానవచ్చును. గడపలో పిల్లలు కూర్చున్నారనుట, చూరునుండి ఎవరో తొంగిచూచుచున్నారనుట, చచ్చిపోయిన అన్న వచ్చి పలుకరించెననుట సాధారణము. తొలిదశలో రోగి తానే, అది నిజము కాదని ఎరుగును. తరువాత ఆ ఎరుక పోవును. భార్యను అనుమానించును, అన్నములో మందు పెట్టిరనును. ఇచ్చట మన గ్రామములలో జరుగునది తలచుకొన్నచో భయము కలుగును. బాణామతి యనుమాట పుట్టును. ఒక పేద వితంతువు పేరో, వీధి చివర నివసించు ముసలివాని పేరో వినబడును. తెలంగాణ పల్లెలలో ఇట్టి అనుమానములు కొట్టుటలకు, పండ్లు రాలగొట్టుటలకు, హత్యలకుగూడ దారితీసిన సంగతి మీరెరుగనిది కాదు. వార్డు సభ్యుడు ఆ మొదటి గుసగుస విన్ననాడే పోయి, ఈ యింటివానికి వణుకు వ్యాధి యున్నదా, ఏ మందులు వాడుచున్నాడు, ఈ మధ్య మందు మార్చిరా, జ్వరముగాని మూత్రములో మంటగాని ఉన్నదా అని అడుగవలెను. చాలసార్లు కారణము ఆ ప్రశ్నలలోనే దొరకును. మూత్రమునకు పట్టిన చీడ వలన, ఒంటిలో నీరు తగ్గుటవలన, మందు మోతాదు హెచ్చుటవలన ఈ భ్రమలు ఒక్కసారిగా పెరుగును. మందు సరిదిద్దినచో చాలవరకు తగ్గును.

ఇందులోనే మరియొక ప్రమాదము పొంచియున్నది. పిచ్చియెత్తినదని తలచి ఊరి వైద్యుడు హాలోపెరిడాల్ వంటి సూదిమందు నిచ్చినచో, అది డోపమిన్‌ను అడ్డగించి రోగిని కొయ్యవలె బిగియించును. వాంతులకు సామాన్యముగా వాడు మెటోక్లోప్రమైడ్‌కూడ అట్టిదే. కంపవాత రోగి జేబులో ఒక చీటీమీద ఈ రెండు పేర్లు వ్రాసి, ఇవి ఇవ్వరాదని ఉంచుట మేము చూచిన ఉపాయములలో మేలైనది. లెవోడోపాను హఠాత్తుగా మానుటయు అంతే ప్రమాదము. జ్వరముతో, బిగువుతో ప్రాణముమీదికి రావచ్చును.

డబ్బు, భూమి విషయములలోను జాగ్రత్త కావలెను. ఈ వ్యాధికి వాడు మందులలో ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అను జాతివి కొందరిలో అదుపులేని కోరికలు పుట్టించును. ఎన్నడును పేకముక్క పట్టనివాడు జూదమునకు మరుగును. అక్కరలేని వస్తువులు కొనును. కామవాంఛ వింతగా హెచ్చును. ఇది గుణము చెడుట కాదు, మందు చేయు పని. వైద్యునికి చెప్పినచో మందు తగ్గించి మార్చును. సిగ్గుపడి దాచిన కుటుంబములు అప్పులపాలగును. వ్యాధి వచ్చిన చాల సంవత్సరములకు కొందరికి జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించును. అట్టివారి తెలివి ఒకేరీతిగా ఉండదు. ఉదయము చక్కగా లెక్క చెప్పినవాడు సాయంకాలము కొడుకు పేరు తడుముకొనును. భూమి పత్రములకు సాక్షి సంతకము చేయు పెద్దలు ఇది ఎరిగియుండవలెను. మాట నెమ్మదియైనంత మాత్రమున మతి లేదనుకొనుట తప్పు. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చుటకు కొంత సేపు పట్టును. ఆ వ్యవధి ఈయక, ముసలాయనకు తెలియదని కొడుకులే జవాబు చెప్పుట అన్యాయము.

శరీరపు తక్కిన బాధలలో వేసవిలో పంచాయతీవారు ముఖ్యముగా గమనింపవలసినది రక్తపు పోటు పడిపోవుట. కూర్చున్నవాడు లేచి నిలుచుండగానే తల తిరిగి కూలబడును. భోజనమైన వెంటనే, ఎండలో, క్యూలో నిలిచినప్పుడు ఇది హెచ్చును. రోహిణి కార్తె ఎండలో పింఛను కొరకు వరుసలో నిలుచున్న వృద్ధునికి ఒక బల్లయు, కుండలో నీరును ఏర్పాటు చేయుట పెద్ద ఖర్చు కాదు. మంచమునకు తలవైపు కోళ్లక్రింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయుట, లేవకమునుపు కొంతసేపు కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండుట, నీరు తగినంత త్రాగుట మేలు చేయును. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రమునకు లేవవలసి వచ్చును; మరుగుదొడ్డి పెరటి చివరనున్నచో, వీధిదీపము లేనిచో, తుంటి ఎముక విరుగుట ఆ దారిలోనే. మ్రింగుట కష్టమైనవారికి పలుచని నీరు కంటె చిక్కని జావ సులభము. పడుకొనబెట్టి త్రాగించినచో ఊపిరితిత్తులలోనికి పోయి జ్వరము వచ్చును. చొంగ కారుట ఉమ్మి ఎక్కువగుటవలన కాదు, మ్రింగుట తగ్గుటవలన. భుజము నొప్పి ఒకటి కలదు. దానికి నెలల తరబడి తైలములు రాచి, తరువాతగాని అసలు వ్యాధి తెలియనివారు అనేకులు.

మందునకును భోజనమునకును గల సంబంధమును చాలమంది ఎరుగరు. లెవోడోపా కడుపునుండి రక్తములో చేరునప్పుడు పప్పు, గ్రుడ్డు, మాంసము, పాలు వానిలోని మాంసకృత్తులు దానికి అడ్డుపడును. వైద్యుడు వేరుగా చెప్పనిచో భోజనమునకు అరగంట మొదలు గంట ముందు వేసికొనుట మంచిది. మందు బలము తగ్గిన వేళలో బిగువు మాత్రమే గాక చెమటలు, భయము, నొప్పులును వచ్చును. తిరిగి మందు పనిచేసినంతనే అవి పోవును. ఇంటివారు అది నటన యనుకొందురు. గడియారము చూచి ఏ వేళ ఏ బాధ వచ్చినదో కాగితముమీద గుర్తుపెట్టినచో వైద్యునికి అంతకన్న ఉపకారము లేదు.

ఇన్ని బాధలున్నను రోగులు వైద్యునికి ఎందులకు చెప్పరు? 242 మంది రోగులను విచారించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, మతిభ్రమలు గలవారిలో నూటికి 65 మందియు, పగటి నిద్రమత్తు గలవారిలో సగమునకు పైగాను వైద్యునికి ఆ సంగతి చెప్పనేలేదని తేలినది. కొందరు సిగ్గుచేత, కొందరు ఈ రెంటికి సంబంధమున్నదని తెలియకపోవుటచేత. అది పట్టణములలోని రోగుల సంగతి. బస్సెక్కి వరంగల్లు పోయి, వరుసలో నిలిచి, రెండు నిమిషములు వైద్యుని ముందు కూర్చుండు మన రైతు మూత్రము సంగతి, మంచము సంగతి ఎట్లు చెప్పును? ఇందులకే 2006లో ముప్పది ప్రశ్నల పట్టిక యొకటి వైద్యులు తయారుచేసిరి. ఔను, కాదు అని గుర్తుపెట్టుటయే పని. ఆశా కార్యకర్త ఇంటివద్ద కూర్చుండి ఇట్టి ప్రశ్నలు అడిగి వ్రాసి యిచ్చినచో రెండు నిమిషములును వృథా కావు. స్త్రీ రోగిని స్త్రీయే అడుగుట ఉత్తమము.

వరంగల్లులో 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాల కలదు. కాళోజీ నారాయణరావు పేర వెలసిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమును అక్కడనే యున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి ద్వారా కోరి, గ్రామసభ దినమున ఒక వైద్యునిచే అరగంట మాటలాడింపవచ్చును. ఏప్రిల్ 11 పార్కిన్సన్ జన్మదినము. ఆనాడు ప్రపంచమంతట ఈ వ్యాధిని గూర్చి సభలు జరుగును.

చివరిగా చట్టము. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. అందు దీర్ఘకాలిక నరముల వ్యాధుల క్రింద పార్కిన్సన్ వ్యాధియు చేరియున్నది. ఈ సంగతి పల్లెలలో చాలమందికి తెలియదు. వైద్యులు నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని వైకల్యమున్నదని ధ్రువపరచినచో, ఆ చట్టము క్రింది ప్రత్యేక సౌకర్యములకు దరఖాస్తు చేయుటకు అర్హత కలుగును. పరీక్షకు పోవునప్పుడు రోగి మందు వేసికొని చక్కగా నడచి చూపి, నాకేమియు లేదని చెప్పి వచ్చుట తరచుగా జరుగును. కావున తోడుపోవు వార్డు సభ్యుడు ఆసుపత్రి చీటీలు, వాడు మందుల పేర్లు, ఆధార్ కార్డు, ఛాయాచిత్రములతోపాటు, గత నెలలో ఎన్నిసార్లు పడెను, రాత్రి ఎన్నిసార్లు లేచెను, ఏ వేళ మందు బలము తగ్గెను అని ఇంటివారు వ్రాసిన కాగితమునుగూడ వెంట తీసికొనిపోవలెను.